గింజలకు రాత్రి

అత్తాకోడళ్లు కలిసి నడిపే మందుమొక్కల నర్సరీలో అశ్వగంధ గింజలు అత్తను ఏడిపించుకు తింటున్నాయి. హీటరున్న పెట్టెను వంటింట్లో పెట్టి, పగలూ రాత్రీ ఒకే వేడి తగిలేలా పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్నా రెండు విడతలూ మొలవలేదు. తలుపు సందుల్లోంచి చల్లగాలి కొట్టిందని తేల్చేసి, మూడో విడతకు పెట్టెను కోడలి పడగ్గదిలోకి మార్చింది.

"మూత తియ్యకు. స్విచ్చి జోలికి అసలే వెళ్లకు," అని మరీ మరీ చెప్పింది.

ఒకరోజు తెల్లవారుతుండగా చూసొద్దామని వెళ్తే హీటరు ఆర్పేసి ఉంది. పెట్టె చల్లగా తగిలింది. అత్తకు ఒళ్లు మండిపోయింది.

"ఎప్పట్నుంచి సాగుతోందే ఈ వ్యవహారం?"

కోడలు ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "మొదటి రోజు నుంచే అత్తయ్యా. దీని వేడికి ఉక్కపోసి నిద్ర పట్టక పడుకునేముందు ఆర్పేస్తున్నా. పొద్దున్నే మళ్లీ వేస్తున్నా."

నాలుగు చివాట్లు పెడదామని నోరు తెరుస్తూ అత్త మూత ఎత్తింది. ట్రే నిండా మొలకలు, ఇంకా మెడలు వంచుకునే ఉన్నాయి.

పగలు వేడి, రాత్రి చలి. ఆరుబయట రాలిన గింజకు రోజూ దొరికేది అదే కదా. ప్రేమకొద్దీ తను వాటికి రాత్రే లేకుండా చేసింది. ఇక తెల్లవారిందని వాటికి తెలిసేదెలా?

మూత మెల్లగా దించి, గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఇదిగో, ఇవాళ ఇంకో ట్రే పెడుతున్నా. రాత్రి మర్చిపోయేవు."

"ఏంటత్తయ్యా?"

"ఆర్పడం. నేను మళ్లీ గుర్తుచెయ్యను, నాకు నామోషీ."