మాస్టారి ఉదాహరణ

మా ఆయనకు ఉదాహరణల పిచ్చి. ముందుగదిలో పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పుతారు. ఏ మాట వచ్చినా మా ఇంటి సంగతిలా కట్టి చెబుతారు. అలా చెబితేనే బుర్రకెక్కుతుందట!

ఊళ్లో కాల్పులు మొదలై కొట్లన్నీ మూతపడిన వారంలో ఆయనకు దొరికిన పాఠం 'స్టాక్ అప్'. "అంటే అవసరం రాకముందే సరుకు తెచ్చి నిల్వ పెట్టుకోవడం. ఏ సరుకో చెప్పాలంటే వెనకాల 'ఆన్' తగిలించాలి," అన్నారు. మేం బియ్యం, నూనె, పాలపొడి దండిగా నిల్వ చేసుకున్నామని బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాసి, అందరిచేతా గొంతెత్తి చెప్పించారు. ముందు బెంచీలో కూర్చునే దర్జీ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. వంటింట్లో నేను తల కొట్టుకున్నాను. మా ఇంట్లో ఉన్నది పసిపాపకు ఒకే ఒక్క పాలపొడి డబ్బా.

మర్నాడు పొద్దున్నే తలుపు బద్దలైంది. ఇనప కడ్డీలతో జనం లోపలికి దూసుకొచ్చారు. అందరికంటే ముందు దర్జీ.

"బస్తాలెక్కడ మాస్టారూ?"

"బస్తాలేంటయ్యా? అది ఉదాహరణ!"

"నిన్న మాచేతే చెప్పించి ఇవాళ మాట మారుస్తారా?"

కడ్డీ ఆయన మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కిందపడి కూడా ఆయన "ఉదాహరణ, ఉదాహరణ" అంటూనే ఉన్నారు. ఎవడో మూతి మీద తన్నాడు. పళ్లు రాలాయి. మంచాలు తిరగేశారు, అటక మీది సామానంతా విసిరికొట్టారు. ఏమీ దొరక్క ఆ కసి కూడా ఆయన మీదే తీర్చుకున్నారు.

దర్జీ వంటింట్లోకొచ్చి గట్టు మీది పాలపొడి డబ్బా పట్టుకున్నాడు.

"అది పాపది. పెట్టెయ్ తమ్ముడూ."

"మిగతావి ఎక్కడ దాచావో చెప్పక్కా, ఇది ఇచ్చేస్తా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇనప పెనం ఎత్తి అతని చేతి మీద కొట్టాను. వదల్లేదు. మళ్లీ కొట్టాను. గట్టుకీ పెనానికీ మధ్య వేళ్లు చితికాయి. ఆ కేకకు మిగతావాళ్లు గుమ్మంలోకొచ్చారు. "రండిరా!" అన్నాను పెనం ఎత్తి. ఇల్లంతా వెతికినా ఏమీ లేదని అప్పటికి వాళ్లకు అర్థమైంది. ఒక్కొక్కరే జారుకున్నారు.

దర్జీ చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేలమీద కూలబడ్డాడు. "మా ఇంట్లోనూ పసిది ఉందక్కా," అన్నాడు.

"ముందే అడిగుంటే సగం ఇచ్చేదాన్ని కదరా!" అని ఏడ్చాను. కానీ ఇప్పుడు ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. అతను ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

ముందుగదిలో ఆయన మూలుగుతున్నారు. పాప గుక్కపట్టింది. పాలు కలిపి పట్టాను. దాని ఒంటిమీది గౌను ఆ వేళ్లు కుట్టిందే.