బీడీలా చుట్టిన ఓట్లు

మా పాత సర్పంచ్ పదవిలో ఉండగానే చచ్చిపోయిన పాపానికి, ఆ ఏడు మా ఊళ్లో ఎమ్మెల్యే ఓటూ సర్పంచ్ ఓటూ ఒక్కరోజే పెట్టారు. ఊరి పెత్తనమంతా చేసే పటేల్ తమ్ముడి మీద సర్పంచ్‌గా నేను నిలబడ్డాను. నా గుర్తు గొడుగు. గెలిస్తే బీడీలు చేసుకునే మా వాడకు బోరింగు వేయిస్తానన్నాను. పటేల్ బావి దగ్గర బిందె పట్టుకుని పడిగాపులు కాయలేక చస్తున్నాం మరి.

వాడలో యాభై ఆరుమంది ఆడవాళ్లం. అందరూ నావాళ్లే. సాయంత్రం బడిలో సర్పంచ్ డబ్బా విప్పి లెక్కపెడితే పదిహేడు ఓట్లతో ఓడాను. మా వాడ ఓట్లన్నీ ఏమైనట్టు? అమ్ముకున్నారు, ఇంకేముంది!

పొద్దున్నే గంగాబాయి ఇంటి ముందు నిలబడ్డాను. చిన్నప్పటి నుంచి నా పక్కన కూర్చుని బీడీలు చేసిన మనిషి.

"ఏందే గంగా, పటేల్ పెట్టిన చీరె మంచిగున్నదా?"

"నీకు పుణ్యముంటది చంద్రవ్వా, గొడుగుకే గుద్దిన. నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లలను గూడ అమ్ముకున్నవా? థూ!"

అది ఏడుస్తుంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

మూడోరోజు ఎల్లారెడ్డిలో ఎమ్మెల్యే ఓట్ల లెక్కింపుకు ఏజెంటుగా పోయిన మా ఊరి ఖయ్యూం, సైకిల్ దిగకముందే అరిచాడు.

"అక్కా, గజబ్ అయింది! మనూరి ఎమ్మెల్యే డబ్బాల నీ సర్పంచ్ ఓట్లు ఎల్లినయ్. నలభై! అన్నీ గొడుగే!"

"ఏం మాట్లాడుతున్నవ్‌రా?"

"ఖుదా కసం! రెండు కాయితాలు ఒకదాంట్లొకటి పెట్టి చుట్టి, మూతి గూడ మడిచిండ్రు. విప్పలేక లెక్కవెట్టే సార్లు తిట్టిండ్రు. ఇగ అవి చెల్లవట."

ఓట్ల ముందురోజు వాడనంతా కూర్చోబెట్టి చెప్పింది నేనే. "పటేల్ మనిషి కిటికీల నుంచి తొంగి చూస్తడు. ఆకుల తంబాకు వెట్టినట్టు ఒకదాంట్లొకటి వెట్టి చుట్టుండ్రి" అన్నాను. డబ్బాలు రెండుంటాయని, విడదీసి వేయాలని ఒక్క ముక్క చెప్పి చావలేదు. అయ్యో, నా ఓటు? నేనూ అలాగే చుట్టి, మొదట కనబడ్డ డబ్బాలోనే వేశాను!

గంగాబాయి ఇంటికి ఉరికాను. తలుపు మూసి ఉంది.

"గంగా, తప్పు నాదేనే. నేను గూడ గట్లనే ఏసిన. తలుపు తియ్యే."

తలుపు తియ్యకుండానే లోపల్నుంచి మాట వచ్చింది.

"పిల్లల మీద ఒట్టేసిన చంద్రవ్వా. అయినా థూ అన్నవ్."