ఒక్కసారే చెప్పింది

“నీ పేపరు ఎవడి చేతికేనా ఇచ్చేస్తే చదివేస్తాడు కదే. దానికోసం కేబుల్ కారు మానుకుంటామేటి?” అన్నాడు తిరుపతిరావు, రెండో ఇడ్లీ మీద కారప్పొడి వేసుకుంటూ.

రమాకుమారి చేతిలో నెయ్యి గిన్నె ఉంది. వెయ్యాల్సిన నెయ్యి వేసింది. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట మొగుడి నోట్లోంచి! బడ్జ్ బడ్జ్ అనే బెంగాలీ ఊళ్ళో జనపనార మిల్లులో, లాబరేటరీలో, పద్దెనిమిదేళ్ళుగా నార తడిపి, ఆరబెట్టి, తెంచి చూస్తున్న మనిషి ఆమె. ఎలాంటి నీళ్ళలో ఊరితే నార నల్లబడుతుందో, ఎందుకు నల్లబడుతుందో ఆమె రాసిన పేపరు కౌలాలంపూర్‌లో ఒక సదస్సుకు ఎంపికయింది. మేనేజరు ఆ సంగతి చెప్పిన సాయంత్రం ఇల్లున్న గార్డెన్ రీచ్ దాకా బస్సులో తనలో తను నవ్వుకుంటూనే వచ్చింది. గుమ్మంలోనే చెబితే అత్తగారు రాజేశ్వరమ్మ, “ఒక్కదానివీ ఎలాగెల్తావమ్మా, పరాయి దేశం” అన్నారు. “నేనూ వస్తాన్లే” అన్నాడు తిరుపతిరావు, వరమిచ్చినట్టు. ఓడల యార్డులో ఇంజనీరాయన. సెలవులు మురిగిపోతున్నాయట.

అక్కడితో అది ఆమె ప్రయాణం కాకుండా పోయింది. హోటలు ఆయన మార్చాడు. ఏ పూట ఏ చీర కట్టుకోవాలో కూడా ఆయనే చెప్పాడు, ఫోటోలు బాగా రావాలని. అత్తగారిని ఆ నాలుగు రోజులూ ఖరగ్‌పూర్‌లో ఆడపడుచు ఇంట్లో ఉంచే ఏర్పాటు మాత్రం ఆమెకొదిలేశాడు. చివరికి కేబుల్ కారు టూరు బుక్ చేసి పారేశాడు, సరిగ్గా రెండో రోజు ఉదయం, ఆమె పేపరు చదవాల్సిన పూటకి. సదస్సు వాళ్ళకి రాసి వేళ మార్పించమన్నాడు. వాళ్ళు కుదరదన్నారు. అదిగో, దానికే ఈ ఇడ్లీల దగ్గర తీర్పు.

ఆ ఇంట్లో కాగితమనేది ఏదైనా రమాకుమారి పనే. తన పాస్‌పోర్టు కిందటేడే కొత్తది తీసుకుంది. ఆయనది డిసెంబరు ఎనిమిదితో అయిపోతోందని మూడు రోజుల కిందటే చూసింది. వీసా అక్కర్లేని దేశం కాబట్టి ఏజెంటూ లేడు, చూసి చెప్పేవాడూ లేడు. వెంటనే చెప్పింది కూడా: “ఆ దేశంలో దిగే రోజుకి పాస్‌పోర్టు ఇంకా ఆరు నెలలు చెల్లాలటండీ. తత్కాల్‌లో పెడితే ఇప్పుడైనా వేళకి వచ్చేస్తుంది.”

“మనం ఎల్లేది ఆగస్టులో. డిసెంబరు దాకా చెల్లుతాదని దాని మీదే రాసుంది. ఓడలు కట్టినోడికి నువ్వు పాస్‌పోర్టు నేర్పుతావేటే?”

ఇది ఆమెకు కొత్త కాదు. వాళ్ళ కాపురంలో ఏ మాటైనా మూడుసార్లు చెప్పాలి. మొదటిసారి కొట్టిపారేస్తాడు. రెండోసారి విసుక్కుంటాడు. మూడోసారి చెప్పిన రెండు రోజులకి, తనకే తోచినట్టు లేచి ఆ పని చేసుకొచ్చి, “ఈ ఇంట్లో అన్నీ నేనే చూసుకోవాలి” అంటాడు. షుగరు పరీక్షలైనా అంతే, స్కూటరు ఇన్సూరెన్సైనా అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఒకే మాటని మూడేసిసార్లు మోస్తోంది. ఆ మోతకి జీతం మాట దేవుడెరుగు, పేరు కూడా లేదు.

అలవాటు కొద్దీ ఆయన పేరున కొత్త పాస్‌పోర్టు ఫారం మొత్తం ఫోనులో నింపి ఉంచింది. ఆ ఉదయమే రెండోసారి చెబుదామనుకుంది, నెయ్యి వేశాక. అంతలో ఆ మాట అన్నాడు. ఎవడి చేతికేనా ఇచ్చేయమని. ఆమె గిన్నె లోపల పెట్టి, వంటింట్లో నిలబడి, ఫారం చెరిపేసింది.

తర్వాత ఇరవై రోజులు పాస్‌పోర్టు మాటెత్తలేదు. తిన్నది ఒంటబట్టలేదు. ఇంత కపటం తనలో ఎక్కడ దాగుందని భయం వేసింది. ‘ఇప్పుడైనా చెప్పు’ అని రోజూ అనుకుంది. పేపరు తీసి ఇంకోసారి చదువుకుంది.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గర బెంగాలీ పిల్ల ఆయన పాస్‌పోర్టు తిప్పి చూసి, పైవాణ్ణి పిలిచింది. అతనూ చూసి తల అడ్డంగా ఊపాడు. ఆరు నెలలు లేవు, ఎక్కించడం కుదరదన్నాడు. తిరుపతిరావు బెంగాలీలో వాదించాడు, హిందీలో అరిచాడు, ఇంగ్లీషులో బెదిరించాడు. వెనక వరుసంతా చూస్తోంది. చివరికి తెలుగులో పెళ్ళాం మీదికి తిరిగాడు.

“కాగితాలన్నీ నీ దగ్గరే ఉంటాయి కదా! చూసుకోవక్కర్లేదేటి? ఏం చేస్తున్నట్టు ఇన్నాళ్ళూ?”

“దీదీ, మీది సరిగ్గానే ఉంది. ఇద్దరివీ ఆపేయమంటారా?” అంది ఆ పిల్ల.

“ఆ, ఇద్దరివీ” అన్నాడు తిరుపతిరావు.

“నాది ఆపకమ్మా” అంది రమాకుమారి బెంగాలీలో. “నేను వెళ్తున్నాను.”

ఆయన నోరు తెరిచాడు. పేపరు సంగతి అడుగుతాడేమోనని ఒక్క క్షణం, సిగ్గులేకుండా, ఆశపడింది.

“నువ్వెల్పోతే నాకు తిండెవరు పెడతారు? అమ్మ కూడా లేదు ఇంట్లో!”

ఆమె బోర్డింగ్ పాసు అందుకుంది. ఆయన ఆ చేతివంకా, మొహంవంకా మార్చి మార్చి చూశాడు. అప్పుడు తట్టింది ఆయనకి.

“ఆ రోజు ఆరు నెలలని ఏదో అన్నావు కదూ? అంటే ఇలాగవుద్దని నీకు తెలుసా? తెలిసే ఊరుకున్నావేటే?”

ఇరవై రెండేళ్ళలో ఆయన వేసిన ప్రశ్నలన్నింటిలో ఆమె గురించి వేసింది ఇదొక్కటే.

“తెలిసే ఊరుకున్నాను” అంది రమాకుమారి.