ఎడమ కమ్మలో నల్లమచ్చ

కామాక్షమ్మ పెద్దకర్మ నాడు, పిండాలు పెట్టి వచ్చాక, ఆమె ఏడురాళ్ల వజ్రాల కమ్మల్ని పసుపునీళ్ల గిన్నెలోంచి తీశారు. తల్లి చెవులవి కూతురికి చెందడం ఆ ఇంటి ఆనవాయితీ. కూతురు వనజాక్షి కొంగు పట్టి నిలబడింది. చిన్నకొడుకు పెంచలప్రసాద్ ఆగమన్నాడు. రేపు ఎవరూ మాట అనకూడదని, రాళ్లు పొదిగే కరీముల్లాను బుచ్చిరెడ్డిపాలెం నుంచి పిలిపించానన్నాడు.

పెద్దకొడుకు పోలేరయ్య గోడకానుకుని చూస్తున్నాడు. మైపాడు దగ్గర రొయ్యల చెరువులు అతనివి. ఆ రొయ్యల్ని కంపెనీకి కొనేది తమ్ముడు. ట్రేలో పోసి, నల్లమచ్చ పడినవాటిని రెండు వేళ్లతో ఏరి విసిరేసే చెయ్యి అది. ఇప్పుడు అదే చెయ్యి అమ్మ కమ్మల్ని వెలుతురులో తిప్పుతోంది.

కరీముల్లా ఒక్కో రాయికీ, వజ్రమైతే కూసే టెస్టర్ పెన్ను ఆనించాడు. ప్రతి రాయికీ అది కూసింది. చుట్టాలు తలలూపారు. తర్వాత అతను భూతద్దంలో చాలాసేపు చూసి, రంగులో ఇవి అన్నిటికన్నా పైమెట్టు, డి అంటారు, పసుపు ఛాయే లేదన్నాడు. లోపల మచ్చ లేదు, కోత తీరుగా ఉంది, చిన్న రాళ్లే అయినా వంక పెట్టలేమన్నాడు.

చిన్నప్పుడు అమ్మ ఒళ్లో పడుకుంటే పోలేరయ్య కంటికి ఎదురుగా ఉండేది ఎడమ కమ్మే. రాళ్లన్నీ ఆముదం ఛాయ. నడిమి రాయిలో ఆవగింజ ముక్కంత నలుపు.

"లోపలి మచ్చ కడిగితే పోతుందా భాయ్?"

"పోదన్నా. మచ్చుంటే ఇవి ఆ రాళ్లు కాదు. ల్యాబులో పెంచినవేమో. అవీ వజ్రాలే, వాటికీ పెన్ను కూస్తుంది. ఏది నేలలోదో, ఏది పెంచిందో నా అద్దంలో తెలవదు. పెద్ద మిషన్లో పెట్టాల."

అందరూ ప్రసాద్ వైపు చూశారు. పోయిన వేసవిలో మెరుగు పెట్టిస్తానని కమ్మలు నెల్లూరు తీసుకుపోయింది వాడే. తిరిగి పెట్టిన రోజునుంచీ మంచంలో అమ్మ చెవులు తడుముకుంటూ, ఇవి నావి కావని ఏడ్చేది. మతి పోయిందని ఊరంతా చెప్పిందీ వాడే. చెవులు పీక్కుంటుంది, చేతులకు గుడ్డ కట్టమన్నదీ వాడే. కట్టింది వనజాక్షి.

"అమ్మవి పసుపుపచ్చ రాళ్లన్నా, మచ్చవి. అమ్మితే అమ్మినా. వాటికన్నా మంచి గ్రేడే పెట్టించినా గదా," అన్నాడు ప్రసాద్. "నువ్వు చెరువులో పెంచేవి రొయ్యలు కావా?"

"రొయ్యలే. సముద్రంలో పట్టినానని ఎప్పుడన్నా నీకు అమ్మినానా?"

మచ్చ రాయే వెతికి పెట్టించి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మచ్చ ఉన్నదాన్ని కొనడం వాడి చేతికి రాలేదు.

"చేతులు కట్టించినావు గదరా," అన్నాడు పోలేరయ్య.

వంటవాళ్లు పిలిచారు. జనం ఏమీ జరగనట్టే విస్తళ్ల ముందు కూర్చున్నారు. ప్రసాదూ కూర్చున్నాడు. అమ్మకిష్టమని వండిన రొయ్యల కూర వడ్డించారు. వనజాక్షి వచ్చి, వంగి, కమ్మలు రెండూ తమ్ముడి విస్తట్లో, కూర మీద వేసి వెళ్లిపోయింది.

ప్రసాద్ వాటిని ఏరుకుని పంచెకు తుడిచాడు. అలవాటు కొద్దీ వెలుతురుకు ఎత్తి, మచ్చ ఏమన్నా అంటిందా అని తిప్పి చూశాడు.

పోలేరయ్య తన విస్తట్లో, తాను పెంచిన రొయ్యల్ని వేళ్లతో పక్కకు నెట్టాడు. ముద్ద ముట్టకుండా లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు.