కెప్టెన్ హెర్రియట్ చేతికి కుదిరిన కర్ర

నేను ఒక గోల్ఫ్ కర్రను. నాతో బంతిని కాక ఒక మనిషిని కొట్టి ఉంటే నా బతుకు సార్థకమయ్యేది. ఆ మనిషెవరో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పుట్టింది స్కాట్లండ్‌లో, కిల్‌బార్నీ అనే సముద్రపుటొడ్డు ఊళ్ళో. చేసినవాడు ఎబెన్ లౌడన్. తల ముళ్ళచెట్టు కలప, ఒళ్ళు అమెరికా ఓడలో దిగిన కలప, మెడకి తారు పూసిన దారం, వీపున కరిగించి పోసిన సీసం. నన్ను అరగదీస్తున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. పని కన్నా ముందు కోపం వచ్చే మనిషి. నునుపు రాలేదని తిట్టాడు, వచ్చాకా తిట్టాడు.

గోల్ఫ్ ఆడి పొట్టపోసుకున్న తొలితరం వాళ్ళలో లౌడన్ ఒకడు. అదేదో గొప్ప అనుకోకండి. ఎండాకాలం దొరల కర్రలు చంకన పెట్టుకుని వాళ్ళ వెనక నడవాలి. పిలిస్తే వాళ్ళ పక్కన ఆడి గెలిపించాలి. చలికాలం తోలు తిత్తుల్లో ఉడకబెట్టిన ఈకలు కుక్కి బంతులు కుట్టాలి. ఆ ఈకల నూగే అతని రొమ్ములో గూడు కట్టింది. "ఇంకో చలికాలం ఈకలు ముట్టుకున్నావంటే వసంతం చూడవు" అని డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే మైదానం కాపలాదారు పోయాడు. గడ్డి చూసుకోవాలి, ఆటలో తప్పొప్పులు కనిపెట్టాలి. ఏడాది పొడుగునా జీతం, ఉండడానికి ఇల్లు. ఈకల జోలికే పోనక్కర్లేదు. ఆ కొలువు ఇచ్చేది క్లబ్బు పెద్ద కెప్టెన్ హెర్రియట్. ఆశపడ్డవాళ్ళు ఇద్దరు: లౌడన్, అతని బావమరిది డేవీ ముయిర్.

క్లబ్బులో పెద్ద పోటీ వచ్చింది. జతకి ఒక దొర, డబ్బుకి ఆడే ఒక ఆటగాడు. జతకంతా ఒకటే బంతి, తక్కువ దెబ్బల్లో దాన్ని జెండా పాతిన గుంటలో దించినవాళ్ళదే గెలుపు. ఒక దెబ్బ ఒకరిది, తర్వాతి దెబ్బ రెండోవాడిది. బంతికి తగలక గాలిలో పోయినా అది దెబ్బే, వంతు మారిపోతుంది. లౌడన్‌ని హెర్రియట్ తన జతగా తీసుకున్నాడు. ముయిర్ అవతలి పక్షం.

ఆఖరి గుంట దాకా సరిసమానం. మా బంతి ఇసుక దిబ్బ వెనక ఏపుగా పెరిగిన గడ్డిలో దిగబడింది. వంతు హెర్రియట్‌ది. తన కర్రని అంతకు ముందే విరగ్గొట్టుకున్నాడు గనక లౌడన్ చంకలోంచి నన్ను లాక్కున్నాడు. పళ్ళు బిగించి ఊపాడు. నేను గడ్డికొసల్ని తప్ప దేన్నీ తాకలేదు.

జనం దిబ్బకి అవతల ఉన్నారు. ఇటు ఉన్నది లౌడన్, ముయిర్, ఆ పెద్దమనిషి.

"చెయ్యి సాగడానికి ఊపి చూసుకున్నాను" అన్నాడు హెర్రియట్, మళ్ళీ కాళ్ళు సర్దుకుంటూ.

"పాము మీద దెబ్బేసినట్టు ఊపారు దొరా" అన్నాడు ముయిర్. "ఇప్పుడు వంతు మా బావది. ఏం బావా, నువ్వు చెప్పు."

లౌడన్ దగ్గు ఆపుకున్నాడు. తన నోట ఏ మాట వస్తే కొలువు వస్తుందో, ఏ మాట వస్తే ఈకల బస్తా మిగులుతుందో అతనికి తెలుసు.

"నేను చూళ్ళేదు. బంతి ఎటు పడుతుందోనని జెండా వైపు చూస్తన్నా."

"దగ్గి దగ్గి ప్రాణం పోతున్నా బంతి మీంచి కన్ను తియ్యవు. ఇవాళే పోయాయా కళ్ళు?" ముయిర్ ఉమ్మేసి దిబ్బ దిగాడు.

హెర్రియట్ మళ్ళీ కొట్టాడు. ఈసారి తగిలింది, బంతి జెండా దాపుకి పోయింది. మిగిలిన దెబ్బ లౌడన్ వేసి గుంటలో దించి గెలిపించాడు. చప్పట్లన్నీ దొరకి.

ఆటగాళ్ళకి క్లబ్బు లోపలికి ప్రవేశం లేదు. చీకటి పడుతుండగా లౌడన్ నన్ను పట్టుకుని వంటింటి మెట్ల దగ్గర నిలబడ్డాడు. హెర్రియట్ మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"చూడు లౌడన్. కాపలాదారంటే మైదానంలో చీమ పాకినా చూడాలి. నీ ముందు జరిగిందే కనిపించలేదని నువ్వే అంటివి. నీకెలా ఇవ్వమంటావు? ముయిర్‌కి ఇచ్చేశాం. వాడి చూపు మంచిది."

లౌడన్ ఇప్పుడు చూశానంటే అబద్ధాలకోరు. చూళ్ళేదంటే గుడ్డివాడు. రెండు దారులూ ముందే మూసి వచ్చాడు దొర.

"ఆ కర్ర నా చేతికి బాగా కుదిరింది. అక్కడ పెట్టి వెళ్ళు."

అతను నన్ను గోడకి ఆనించాడు. విసిరేస్తాడనుకున్నాను. మెల్లగా, పగలకుండా ఆనించాడు. అదే నాకు నచ్చలేదు.

తర్వాతి సంగతులు వంటవాళ్ళు చెప్పుకోగా విన్నవే. ముయిర్ బావ ఇంటికెళ్ళి, "గడ్డి కొయ్యడానికి నా కింద రా బావా, ఈకలు మానెయ్" అన్నాడట. "గుడ్డివాడికి కొడవలెందుకు" అని లౌడన్ తలుపు వేసేశాడట. డాక్టరు మాట పొల్లుపోలేదు. శవం మీదకి హెర్రియట్ పూలు పంపించాడు.

ఇప్పుడు నేను అదే క్లబ్బులో అద్దాల పెట్టెలో ఉన్నాను. కెప్టెన్ హెర్రియట్ ఆడి గెలిచిన కర్ర అని జనం వచ్చి చూసిపోతారు. తల దగ్గర లౌడన్ బొటనవేలు అరగదీసిన చోటు ఇంకా నున్నగా మెరుస్తుంది. దాన్ని చూసి, దొరగారు ఎంత బాగా చూసుకున్నారో అనుకుంటారు.