ఇంజను వెనక ఇరుక్కున్న చెయ్యి

పాత ఇనుము కొనేవాడి లారీ వచ్చేలోగా కారు స్టార్టవ్వాలి. లేదంటే తూకానికి ఇచ్చేస్తానని వదిన మొగుడు వాడికి మాటిచ్చేశాడు. కారు పోతే వదినకి తను కుట్టిన పరదాల మూటలు మోసుకుంటూ మళ్ళీ బస్సుల వెంట పరుగులే. అందుకే పొద్దున్నే టీ కూడా తాగకుండా కారు మూత ఎత్తి నిలబడింది. పక్కనే ఆడపడుచు. మోటార్లు బాగుచేసే షెడ్డులో పని, పానా పట్టడం బాగా తెలిసిన మనిషి.

పాడైంది స్టార్టర్. దాన్ని ఎక్కడ పెట్టి చచ్చారనుకున్నారు? ఇంజను వెనకాల, బీరువా సందులో పడ్డ సూదిలాగా, కంటికి కనపడదు, చేతికి అందదు. ముందు బ్యాటరీ తీగ ఊడదీశారు. అడ్డొచ్చిన, ఇంజనుకి గాలి వడగట్టే డబ్బా విప్పారు. పాతది బయటికి లాగేసరికి ఇద్దరి మొహాలూ మసిగుడ్డలే. కొత్తది తీగలతో సహా లోపల కూర్చుంది, కింది బోల్టు బిగిసింది. ఇక మిగిలింది పైబోల్టు ఒక్కటే.

ఆడపడుచు చెయ్యి మణికట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"రోకలిబండలా ఉందే నీ చెయ్యి."

"మా అన్నయ్య పోలిక వదినా. ఏరి కోరి చేసుకుని ఇప్పుడు వంకలు పెడితే ఎలా?"

వదిన చేతికి సబ్బు రాసుకుంది. బోల్టు జారిపోకుండా పానా గుంతలో కాస్త మైనం కూరి, దాని తల అందులో అతికించింది. కళ్ళు మూసుకుని చెయ్యి దూర్చింది. కరెంటు లేనప్పుడు కూడా సూదిలో దారం ఎక్కించే వేళ్ళవి. రంధ్రం దొరికింది. బోల్టు ఒక చుట్టు తిరిగింది.

సరిగ్గా అప్పుడే వీధిలో లారీ హారను.

"జరగండమ్మా, తాడు కట్టాలి" అంటూ లారీవాడు దిగాడు.

"చెయ్యి ఇరుక్కుపోయింది నాయనా" అంది వదిన తాపీగా.

మొగుడు పరుగెత్తుకొచ్చాడు. "నొప్పిగా ఉందా?"

"కదిపితే నొప్పి. మీరు కదపకండి."

ఆడపడుచు వంగి చూసింది. లోపల వదిన వేళ్ళు పానాని చకచకా తిప్పేస్తున్నాయి. నవ్వు పంటి కింద నొక్కేసి లేచింది. "బాగా ఇరుక్కుంది అన్నయ్యా. వంటింట్లోంచి నూనె పట్రా."

లారీవాడు బుర్ర గోక్కున్నాడు. "మనిషితో కలిపి తూకం వెయ్యలేను గదమ్మా."

"వేస్తే నష్టం నీకే. కూర్చుని మంచినీళ్ళు తాగు" అంది వదిన.

మొగుడు కంగారులో తేనె సీసా తెచ్చాడు. చెల్లెలు మళ్ళీ లోపలికి తోలింది. ఆయన వెళ్ళి వచ్చేలోగా బోల్టు ఇంకో నాలుగు చుట్లు దిగింది. వదిన ఊపిరి బిగబట్టి గట్టిగా నొక్కింది. బోల్టు ఇక కదల్లేదు. కనుబొమ్మ ఎగరేసింది. ఆ సైగకే కాచుకున్న ఆడపడుచు బ్యాటరీ తీగ బిగించేసింది. ఇరుక్కున్న చెయ్యి సుబ్బరంగా బయటికొచ్చింది.

వదిన ఒక్క అంగలో సీట్లోకి దూకి తాళం తిప్పింది. కారు ఒకసారి దగ్గింది, మూలిగింది, ఆ పైన కిటికీ అద్దాలు అదిరేలా గుర్రుమంది. ఆడపడుచు రెండు చేతులతో కారు కప్పు మీద దరువేసింది.

గుమ్మంలో మొగుడు, చేతిలో నూనె సీసా. "మరి చెయ్యో?"

"మీరు నూనె తెస్తున్నారని తెలిసి భయపడి వచ్చేసింది."

లారీవాడు నవ్వుతూ తాడు చుట్టేసుకున్నాడు. "ఇది నాకు దక్కదు బాబూ."

"నిలబడి చూస్తారేం? ఆ పరదాల మూటలు వెనక పెట్టండి" అంది వదిన. ఆయన సీసా చంకలో ఇరికించుకుని మూట ఎత్తాడు.