నెవిల్ సరేనన్న ఇంజన్

పాత కారు కొనడానికి వచ్చినవాళ్లు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తారు. ఇంజన్ చల్లగా ఉండాలి. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచాడంటే ఏదో దాస్తున్నట్టే లెక్క. గారెత్ ప్రాసర్, కారు అమ్ముతున్న నెవిల్‌కి ముప్పై ఏళ్ల స్నేహితుడు. అయినా షెడ్డులోకి రాగానే చేతి తొడుగు తీసి, వెల్‌స్టన్ కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

"చల్లగానే ఉంది. నిన్ను నమ్మొచ్చు," అన్నాడు.

"ముప్పై ఏళ్లకి నమ్మకం కుదిరిందన్నమాట," అన్నాడు నెవిల్.

గారెత్ కూతురు టామ్సిన్ నవ్వలేదు. ఆమె అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని కారు కిందికి చూస్తోంది. కొనేది ఆమె. హెర్ఫర్డ్‌లో పశువుల డాక్టరు. చిన్నప్పటి నుంచీ తండ్రి వెంట పాత కార్ల క్లబ్బు సమావేశాలకి వచ్చేది కాబట్టి నెవిల్ హాడ్జెట్స్‌ని ఇప్పటికీ అంకుల్ అనే పిలుస్తుంది.

వెల్‌స్టన్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 1955 నాటిది. కావెంట్రీలో ఆ కార్లు చేసిన ఫ్యాక్టరీ నాలుగేళ్లు నడిచి మూతపడింది. ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్నవి తొమ్మిది. నెవిల్‌కి ఇది ఈవ్‌షామ్ దగ్గర ఒక రైతు కోళ్ల షెడ్డులో దొరికింది. సీట్లలో కోళ్లు పొదిగేవి. ఇంటికి తెచ్చి పదకొండేళ్లు పనిచేసి, రోడ్డు మీదికి తెచ్చాక మూడేళ్లు నడిపాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. కార్లోకి దిగి కూర్చోగలడు, పైకి లేవలేడు. పోయిన నెల పెట్రోలు బంకులో ఇద్దరు కుర్రాళ్లు చంకల కింద చేతులు వేసి బయటికి లాగారు. ఆ రాత్రే క్లబ్బు పత్రికకి ప్రకటన పంపాడు.

జర్మనీ నుంచి ఒక వ్యాపారి ప్రకటనలోని ధర కంటే ఎక్కువ ఇస్తానన్నాడు. నెవిల్ ఒప్పుకోలేదు. క్లబ్బులో ఎవరు కారు అమ్మినా మొదటి నెల సభ్యులకే వదలాలి. పైగా ఆ వ్యాపారి దాన్ని గాజు గదిలో పెడతాడని విన్నాడు. ప్రకటనలో నెవిల్ రాసింది మూడు వాక్యాలు. మూడోది: ఇంజన్ నేను కట్టాను, చప్పుడు లేదు. అతను రాసినవాటిలో కొనేవాళ్లు చూసేది ఆ వాక్యమే.

ఎందుకంటే నెవిల్ చెవి ఆ చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో చెల్లుబాటవుతుంది. ముప్పై నాలుగేళ్లు ఒక కార్ల ఫ్యాక్టరీలో ఇంజన్లు పరీక్షించే గదిలో పనిచేశాడు. మాల్వర్న్ కొండల కింద పబ్బు వెనక ప్రతి నెలా మొదటి ఆదివారం సభ్యులు బానెట్లు ఎత్తి నిలబడితే, నెవిల్ బీరు గ్లాసుతో వరసగా నడుస్తాడు. ఒక్కో కారు దగ్గర ఆగి తల వంచి వింటాడు. సరే అంటే ఆ ఇంజన్‌కి మరో మాట లేదు. నెవిల్ సరేనన్నాడు అని చెప్పి కార్లు అమ్ముకున్నవాళ్లున్నారు.

టామ్సిన్ ఇంజన్ స్టార్ట్ చేసింది. రెండో ప్రయత్నంలో అందుకుంది. పొగ లేదు. గారెత్ ఆ సీట్లో పట్టడు కాబట్టి బెరిల్ చేసిన పోర్క్ పై అనే మాంసం వంటకం తినడానికి ఇంట్లోకి వెళ్లాడు. బెరిల్ నెవిల్ భార్య. నెవిల్ పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆ పిల్ల బాగా నడిపింది. గేరు మార్చేటప్పుడు తొందరపడలేదు, మలుపుల్లో గట్టిగా బ్రేకు తొక్కలేదు. అప్టన్ దాకా వెళ్లి తిరిగొస్తుండగా ఈమెకే ఇవ్వాలని నెవిల్ నిశ్చయించుకున్నాడు. బేరమాడితే కొంత తగ్గించడానికి కూడా సిద్ధపడ్డాడు. ఊరి చివర చర్చి గోడ పక్కన టామ్సిన్ కారు ఆపింది. ఇంజన్ ఆపలేదు. గోడ వైపు తల తిప్పి కాసేపు విన్నది.

"అంకుల్, ఆ టిక్‌టిక్ ఏంటి?" అంది.

"ఏ టిక్‌టిక్?"

"ఇంజన్ వేడెక్కాక మొదలైంది. గోడకి కొట్టుకుని తిరిగొస్తుంటే ఇంకా బాగా తెలుస్తోంది."

నెవిల్ విన్నాడు. ఇంజన్ తను కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎగ్జాస్టు మోత ఉంది, ఫ్యాను గాలి ఉంది.

"నాకేం వినిపించడం లేదు," అన్నాడు. క్లబ్బులో ఆ మాటతో ఎన్నో వాదనలు ముగిశాయి.

టామ్సిన్ కారు కదిపింది. ఈ ఎత్తు నెవిల్‌కి కొత్త కాదు. కొనేవాడు చెవి నిక్కించి, ముఖం చిట్లించి, ఏదో చప్పుడంటాడు. అమ్మేవాడు కంగారుపడి ధర దించుతాడు. ఇలాంటి వాళ్లని అతను పబ్బు వెనక ఎంతమందినో పట్టేశాడు. చిన్నప్పుడు తన ఒళ్లో కూర్చుని చిప్స్ తిన్న పిల్ల తన మీదే ఈ ఎత్తు వేస్తుందనుకోలేదు.

షెడ్డు ముందు ఇంజన్ నడుస్తుండగానే దిగారు. టామ్సిన్ చెయ్యి ఇస్తే నెవిల్ తీసుకోలేదు. తలుపు పట్టుకుని లేవడానికి చాలాసేపు పట్టింది. గారెత్ చేతిలో టీ కప్పుతో బయటికొచ్చి ఎలా ఉందని అడిగాడు.

"నీ కూతురు బేరం మొదలుపెట్టింది. నా ఇంజన్‌లో చప్పుడుందట," అన్నాడు నెవిల్.

గారెత్ ముఖం ఎర్రబడింది. పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదని కూతురికి చెప్పాడు. ఆమెకి వయసు ముప్పై ఎనిమిది.

"నాన్నా, నీకు వినిపించడం లేదూ?"

గారెత్ షెడ్డు పైకప్పు వైపు చూశాడు. "వెల్‌స్టన్‌లు అలాగే ఉంటాయి," అన్నాడు.

"అలాగే అంటే ఎలాగ?" అన్నాడు నెవిల్.

గారెత్ టీ కప్పు కిటికీ అంచు మీద పెట్టాడు. చెప్పక తప్పలేదు. పోయిన వేసవిలో క్లబ్బు పిక్నిక్‌లో మొదటిసారి విన్నానన్నాడు. చిన్న చప్పుడు, గోరుతో డబ్బా మీద కొట్టినట్టు. నెవిల్ పక్కనే నిలబడి ఏమీ అనలేదు కాబట్టి ఈ ఇంజన్ తీరే అంత అనుకున్నాడట.

"నువ్వనలేదంటే అది అలా ఉండాల్సిందే అనుకున్నాం," అన్నాడు.

"అనుకున్నామా? ఎంతమంది?"

"అందరం, నెవిల్."

నెవిల్ ఇంటి వైపు తిరిగి బెరిల్‌ని పిలిచాడు. ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆమెకి కార్లంటే ఇష్టం లేదు, కార్లవాళ్లకి టీలు పెట్టడం అంతకన్నా ఇష్టం లేదు. ఆమె ఎవరి పక్షమూ వహించదు.

"ఈ కారులో నీకేమైనా చప్పుడు వినిపిస్తోందా?"

"ఏది, ఆ టిక్‌టికా?" అంది బెరిల్. "అది వింటేనే నువ్వు మలుపు దాకా వచ్చావని తెలిసేది. అప్పుడు కెటిల్ పెట్టేదాన్ని."

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడాది అయ్యుంటుంది. నువ్వే కదా కట్టావ్, నీకు తెలీదా?"

ఇంజన్ నడుస్తూనే ఉంది. ముగ్గురూ వింటున్నది తనకి అందడం లేదని నెవిల్‌కి అర్థమైంది. రెండేళ్లుగా టీవీలో వార్తలు చదివేవాళ్లు నోట్లోనే గొణుక్కుంటున్నారని బెరిల్‌తో పోట్లాడుతున్నాడు. పక్షులు తగ్గిపోయాయని పక్కింటాయనతో అన్నాడు. ఫ్యాక్టరీలో తనతో పనిచేసినవాళ్లలో సగం మందికి చెవులు పోయాయి. తనవి పోలేదని అందరికీ చెప్పుకునేవాడు.

అతను షెడ్డులోకి వెళ్లి రబ్బరు పిడి ఉన్న పట్టకారు తెచ్చాడు. టామ్సిన్‌ని బానెట్ పక్కన నిలబెట్టాడు.

"ఒక్కో ప్లగ్గు వైరు పీకుతాను. పీకినప్పుడల్లా ఆ సిలిండరు ఊరుకుంటుంది. చప్పుడు తగ్గితే చెయ్యెత్తు," అన్నాడు.

మొదటి మూడింటికీ ఆమె కదల్లేదు. నాలుగోది పీకగానే చెయ్యెత్తింది. అతను వైరు తిరిగి తగిలించి ఆమె ముఖం చూశాడు. ఆమె తల ఊపింది. మళ్లీ పీకాడు, మళ్లీ చెయ్యెత్తింది. మిగిలిన ఐదోది, ఆరోది కూడా పీకి చూశాడు. తర్వాత ఇంజన్ ఆపేశాడు.

నాలుగో పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్ను అరిగింది. ఎక్కడ తప్పు జరిగిందో అతని చేతులకి తెలుసు. ఆ పిన్ను బొటనవేలితో నెడితే బిగువుగా జరగాలి. ఇంజన్ కట్టిన రోజు కొంచెం తేలిగ్గా జరిగింది. వేడికి సర్దుకుంటుందని వదిలేశాడు. ఇలాగే నడిపితే ఒకరోజు రాడ్డు విరిగి ఇంజన్ గోడని చీల్చుకుని బయటికొస్తుంది. ఇంకో ఇంజన్ ఎక్కడా దొరకదు. టామ్సిన్ కొని, మోటార్‌వే మీద నడుపుతుండగా అది జరిగుండేది.

గారెత్ అతన్ని పక్కకి తీసుకెళ్లాడు. కారు ఇప్పుడే కొంటామని, ధర కొంచెం తగ్గిస్తే తామే బాగుచేయించుకుంటామని, ఎందుకు చేయించామో ఎవరితోనూ చెప్పబోమని అన్నాడు. ఆ పక్కకి తీసుకెళ్లడం వల్ల ఉపయోగం లేకపోయింది. నెవిల్‌కి వినిపించేలా మాట్లాడాల్సి వచ్చింది కాబట్టి అందరూ విన్నారు.

"క్లబ్బులో ఎవరికీ తెలియక్కర్లేదు," అన్నాడు గారెత్.

ఆ మాట నెవిల్‌కి బావుంది. ఒప్పుకుంటే సాయంత్రానికి కారు వెళ్లిపోతుంది, డబ్బు వస్తుంది, అతను నెవిల్‌గానే ఉంటాడు.

"తెలియకపోతే వచ్చే ఆదివారం మళ్లీ బానెట్లెత్తి నిలబడతారు. నేను మళ్లీ సరే అంటాను," అన్నాడు. "అప్పుడో?"

దానికి టామ్సిన్ దారి చూపింది. కారు తనకే కావాలంది. ఇంజన్ ఇక్కడే విప్పాలంది, నెవిలే విప్పాలంది, తిరిగి బిగించి నడిపే రోజున తను వచ్చి వింటానంది. అడ్వాన్సు చెక్కు రాయబోతే నెవిల్ వద్దన్నాడు. చప్పుడు లేదని ప్రకటనలో రాసినవాడు చప్పుడున్న కారుకి అడ్వాన్సు తీసుకోడన్నాడు.

"అయితే ఇంకెవరికీ అమ్మనని మాటివ్వండి."

"నా మాట విలువెంతో ఇప్పుడే చూశావు కదమ్మా."

"మీ మాట నాకు చాలు. నాకు అక్కర్లేనిది మీ చెవి ఒక్కటే," అంది టామ్సిన్.

గారెత్ దగ్గాడు. నెవిల్ చెయ్యి చాపాడు, ఆమె కలిపింది.

తర్వాత ఇంట్లోకి వెళ్లి ఫోన్ దగ్గర కూర్చున్నాడు. లెడ్‌బరీలో ఉండే క్లబ్బు సభ్యుడు ఇడ్రిస్ ప్రీస్ కారు ఇంజన్‌కి ఏప్రిల్‌లో తనే సరేనన్నాడు. ఇడ్రిస్ సోమవారం భార్యని తీసుకుని అదే కారులో ఫ్రాన్స్ వెళ్తున్నాడు. నెవిల్ నంబరు తిప్పాడు. అవతల గొంతు వచ్చింది కానీ మాటలు పట్టుబడలేదు. ఇన్నాళ్లూ లైను బాగాలేదనుకునేవాడు.

"ఇడ్రిస్, నెవిల్‌ని. ఏప్రిల్‌లో నేను సరేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను. నాకు చెవులు పోయాయి. వేరే ఎవరికైనా చూపించేదాకా కారు తియ్యకు," అన్నాడు. చెప్పేసి రిసీవరు బెరిల్‌కి ఇచ్చాడు.

బెరిల్ చాలాసేపు వింటూ, మధ్యలో ఏదో చెప్పింది.

"ఏమంటాడు?"

"ఫిబ్రవరి నుంచీ ఏదో గీసుకుంటున్నట్టు ఉందట. నువ్వు సరేనన్నాక అది వినిపించినప్పుడల్లా గట్టిగా పాట పాడుకుంటున్నాడట."

గుమ్మంలో నిలబడ్డ గారెత్ నవ్వు ఆపుకోలేకపోయాడు. నెవిల్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

"కోప్పడ్డాడా?"

"లేదు. రేపు పొద్దున్న రమ్మంటున్నాడు."

"వినడానికి నేను పనికిరానని చెప్పలేదా?"

"చెప్పాను. వినేది వాళ్లావిడ వింటుందట. ఎక్కడ విప్పాలో నువ్వు చెప్పాలట." బెరిల్ వేలితో ఫోన్ బటన్ నొక్కి లైను కట్ చేసింది. రిసీవరు మాత్రం పెట్టలేదు. "తర్వాత ఎవరు?"

నెవిల్ కళ్లు మూసుకుని పబ్బు వెనక కార్లు నిలబడే వరసని తలుచుకున్నాడు. గోడ వైపు మొదటి కారు నుంచి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.